చేతికందే కాలం

వాచీల సేకరణ అనగానే లక్షల లెక్కలు గుర్తొస్తాయి. నిజానికి మొదటి వాచీ మీ ఇంటి బీరువాలోనే ఉండొచ్చు. రెండోది రెండు వేల రూపాయల్లోపే దొరకొచ్చు. కావాల్సిందల్లా కొంచెం ఓపిక, కొంచెం పరిజ్ఞానం... ఆపైన ఓ మంచి వాచీ మెకానిక్!

‘టైమెంతైందండీ?’

ఈ మాట వినపడగానే ఒకప్పుడు చొక్కా చెయ్యి పైకి లాక్కుని మణికట్టు చూసుకునేవారు. ఇప్పుడు జేబులోంచి సెల్‌ఫోన్ తీస్తున్నారు. అసలా ప్రశ్న అడిగేవాళ్లే తగ్గిపోయారు. ఎవరి జేబులో వాళ్లకు టైముంది మరి!

వాచీకి అంతకన్నా పెద్ద హోదా ఉన్న రోజులున్నాయి. పదో తరగతి పాసైతే వాచీ. మొదటి జీతం అందితే వాచీ. కొత్తల్లుడు అలకపాన్పు ఎక్కితే వాచీ. సైకిలు, రేడియో, చేతి గడియారం... ఈ మూడూ ఉన్నవాడు ఊళ్లో మొనగాడి కిందే లెక్క. చేతికి వాచీ ఉంటే ఎండాకాలమైనా పొడుగు చేతుల చొక్కా మడిచి కట్టుకునేవారు, నలుగురికీ కనపడాలని!

ఆ వాచీలన్నీ ఏమైపోయాయి? కొన్ని పాత సామాన్లవాడి గోతాంలోకి వెళ్లాయి. చాలావరకు ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి. బీరువా సొరుగులో, పాత కళ్లజోడుకీ పనికిరాని తాళంచెవులకీ మధ్య, ఎప్పుడో ఆగిపోయిన ముళ్లతో.

వాటిని వెతికి పట్టుకుని, బాగుచేయించి, రోజుకొకటి చేతికి పెట్టుకుని మురిసిపోయేవాళ్లున్నారు. వాళ్లంతా కోటీశ్వరులేం కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకు జనాన్ని ఎదురుగా కూర్చోబెడుతుందే, అలాంటి సంగీత గడియారం కొనాలంటే సాలార్‌జంగ్ అంతటివారే కావాలి. నాలుగు మంచి చేతి గడియారాలు దాచుకోవడానికి మాత్రం నెలకో అయిదొందలు పక్కన పెట్టగలిగితే చాలు.

మొదటి వాచీ ఇంట్లోనే

సేకరణ అంటే ముందు దుకాణానికి పరుగెత్తడం కాదు. తాతయ్య పెట్టె తెరవడం. నాన్న ఉద్యోగంలో చేరినప్పుడు కొన్నది, పెద్దమ్మ పెళ్లికి పెట్టింది, మావయ్య దుబాయ్ నుంచి తెచ్చింది... ఏదో ఒకటి దొరక్కపోదు.

దొరకగానే గబగబా కీ తిప్పేయకండి. ఏళ్ల తరబడి నడవని వాచీలో నూనె ఎండి జిగురులా పట్టేసి ఉంటుంది. ఆ స్థితిలో బలవంతంగా నడిపిస్తే చిన్న చిన్న ఇరుసులు అరిగిపోతాయి. నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి విప్పించి, కడిగించి, కొత్త నూనె వేయించాలి. సెల్లుతో నడిచేదైతే పాత సెల్లు తీయించడం మొదటి పని. అది కారితే లోపలున్న సర్క్యూట్ పాడైపోతుంది.

వెనక మూత మీద పేరేమైనా చెక్కి ఉందేమో చూడండి. గిన్నెలమీద పేర్లు కొట్టించినట్టే వాచీలమీదా కొట్టించేవారు. పదవీ విరమణ రోజున తోటి ఉద్యోగులు ఇచ్చిన వాటిమీద ఆఫీసు పేరు, తేదీ కూడా ఉంటాయి. అమ్మేవాడికి అదో లోపం. మీకదే అసలు విలువ. పాలిష్ పేరుతో దాన్ని చెరిపించొద్దు.

ఇంకొక్క పని. ఆ వాచీ ఎవరు, ఏ సందర్భంలో, ఎంత పెట్టి కొన్నారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఓ కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి. పైసా ఖర్చులేని ఈ పని చేసిన రోజునే మీరు సేకర్త అయినట్టు. ఆ కాగితం లేకపోతే అదొక పాత వాచీ. ఉంటే అది మీ కుటుంబ చరిత్రలో ఒక పేజీ!

జనం గడియారం

ఇంట్లో దొరికింది హెచ్ఎంటీ అయ్యే అవకాశాలే ఎక్కువ. అందుకు కారణం ఉంది. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ 1953లో బెంగళూరులో పుట్టింది. పేరులో ఉన్నట్టే దాని పని యంత్రాలు చేసే యంత్రాలు తయారుచేయడం. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో వాచీల తయారీలోకి దిగింది. తొలి విడత వాచీలను ప్రధాని నెహ్రూయే విడుదల చేశారు. అప్పటిదాకా మంచి వాచీ అంటే స్విట్జర్లాండ్ నుంచి రావాల్సిందే. ఆ మాటను చెరిపేసింది హెచ్ఎంటీ.

జనతా, పైలట్, జవాన్, సోనా, కాంచన్, కోహినూర్, తరుణ్, రజత్, ఆడవాళ్లకు సుజాత... పేర్లు చూస్తేనే తెలుస్తుంది, అవి ఎవరికోసం తయారయ్యాయో. తెల్లటి డయల్‌తో నిరాడంబరంగా ఉండే జనతా గుమస్తాల నుంచి ఉపాధ్యాయుల దాకా అందరి చేతికీ ఎక్కింది. నల్లటి డయల్ మీద పెద్ద పెద్ద అంకెలుండే పైలట్ కుర్రకారుకు మోజు. ఇక కాంచన్... కీ ఇవ్వక్కర్లేకుండా చెయ్యి కదలికతోనే నడిచే ఆటోమేటిక్. పెళ్లిళ్ల కాలంలో దానికోసం సిఫార్సులూ, బ్లాకులో అదనపు ధరలూ ఉండేవంటే గిరాకీ ఎంతో ఊహించుకోండి. పేరూ అంకెలూ దేవనాగరిలో ఉన్న జనతాలున్నాయి. చూపులేనివారు మూత తెరిచి ముళ్లను తడిమి టైము తెలుసుకునే బ్రెయిలీ వాచీలనూ ఈ సంస్థే చేసింది.

ఆ పేరు వాచీలతోనే ఆగలేదు. మన వంటింట్లోకీ వచ్చింది. తెలంగాణలో ‘హెచ్ఎంటీ సన్నాలు’ అని అడిగి మరీ కొంటారే, ఆ బియ్యానికి ఆ పేరు ఈ వాచీ నుంచే వచ్చింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తన పొలంలో వేరుగా కనిపించిన కంకులను ఏరి, ఏళ్లపాటు ఓపికగా సాగుచేసి ఆ వరి రకాన్ని తయారుచేశారు. అది బజారుకొచ్చిన రోజుల్లో జనం నోళ్లలో నానుతున్న వాచీ పేరే దానికి పెట్టారు. మేలైన సరుకు అని చెప్పడానికి అంతకన్నా మంచి పేరు తోచలేదన్నమాట! దాదాజీ 2018లో కన్నుమూశారు.

వాచీల కథ అంతకుముందే ముగింపుకొచ్చింది. పది కోట్లకు పైగా వాచీలు చేసిన సంస్థ నష్టాల్లో కూరుకుపోయింది. హెచ్ఎంటీ వాచెస్ మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ తర్వాత కూడా మాతృసంస్థ నుంచి కొద్దిపాటిగా వాచీలు వస్తున్నా, ఆ పాత వైభవం మాత్రం రాలేదు. ఆ వైభవాన్ని చూడాలనుకుంటే బెంగళూరు జాలహళ్లిలో 2019లో తెరిచిన హెచ్ఎంటీ హెరిటేజ్ సెంటర్‌కు వెళ్లాల్సిందే.

చిన్న బడ్జెట్ సేకర్తకు మాత్రం ఇది వరం. అన్ని కోట్ల వాచీలు తయారయ్యాయి కాబట్టే మామూలు మోడళ్లు ఇప్పటికీ అందుబాటు ధరలో దొరుకుతున్నాయి. నడుస్తున్న పాత జనతా సాధారణంగా వెయ్యి నుంచి మూడు వేల రూపాయల మధ్య ఉంటుంది. విడిభాగాలూ దొరుకుతాయి. చాలామంది మెకానిక్‌లకు ఆ యంత్రం కొట్టినపిండి.

మూత తీస్తే...

రెండు వేల రూపాయల వాచీలో ఏముంటుంది అనుకోవద్దు. కీ ఇచ్చే హెచ్ఎంటీ వాచీల్లో ఎక్కువ వాటికి 17 జ్యువెల్స్ ఉంటాయి. అంటే ఇరుసులు అరగకుండా అమర్చిన కృత్రిమ కెంపులు. మీరు ఇచ్చిన కీ స్ప్రింగులో బిగుసుకుంటుంది. ఆ బిగువు ఒక్కసారిగా విడిపోకుండా పళ్ల చక్రాలు కొంచెం కొంచెంగా వదులుతుంటాయి. బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఒక్కో ఊపుకి ఒక్కో ‘టిక్’ అంటుంది. గంటకు 18,000 సార్లు. అంటే సెకనుకు అయిదు, రోజుకు 4,32,000. సెల్లు లేదు, కరెంటు లేదు. పొద్దున్నే మీ రెండువేళ్లు తిప్పిన తిప్పుడుకి మర్నాటిదాకా ఆ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది.

టైము విషయంలో మాత్రం అత్యాశ వద్దు. పాత కీ వాచీ రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయితే దాని వయసుకు అది మర్యాదే! ఒక్కసారిగా రోజుకు పది, పదిహేను నిమిషాలు ముందుకెళ్తోందా? చాలాసార్లు జబ్బు అయస్కాంతానిది. స్పీకర్ల పక్కన, అయస్కాంతం ఉన్న ఫోను కవర్ల మీద పెట్టడం వల్ల లోపలి సన్నని హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. మెకానిక్ చిన్న పరికరంతో క్షణాల్లో సరిచేస్తాడు.

మన ఆల్విన్ కూడా!

హెచ్ఎంటీ ఒక్కటే కాదు. హైదరాబాద్‌కూ సొంత వాచీ ఉండేది. నిజాం కాలంలో, 1942లో మొదలైన ఆల్విన్ సంస్థ ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసి పేరు తెచ్చుకుంది. 1980ల్లో జపాన్ కంపెనీ సీకో సహకారంతో చేతి గడియారాలు కూడా తయారుచేసింది. 1990ల్లో ఆ సంస్థ కథ ముగిసింది. ఇవాళ చాలామందికి ఆల్విన్ అంటే కూకట్‌పల్లి వైపు ఒక కాలనీ పేరు, మియాపూర్ దగ్గర ఒక చౌరస్తా. ఆ పేరు డయల్ మీద ఉన్న వాచీ దొరికితే వదలొద్దు. అది మన ఊరి చరిత్ర.

ఇక టైటన్. టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 1984లో పెట్టిన ఈ కంపెనీ, 1987 నుంచి హోసూరు కర్మాగారంలో క్వార్ట్జ్ వాచీలు చేసింది. టీవీలో మోజార్ట్ సంగీతంతో వచ్చిన ఆ ప్రకటన విన్నవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ ముక్క ముందు కీ వాచీ టైము పోటీలో నిలవలేకపోయింది. 2002లో వచ్చిన టైటన్ ఎడ్జ్ మందం మూడున్నర మిల్లీమీటర్లే. లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లు. పాత టైటన్‌లను ఇంకా చాలామంది సేకర్తలు పట్టించుకోవడం లేదు. అంటే కొనేవాడికి మంచి సమయమే.

1989లో వచ్చి ఇప్పటికీ తయారవుతున్న కాసియో ఎఫ్-91డబ్ల్యూ లాంటి ప్లాస్టిక్ డిజిటల్ వాచీకీ సేకరణలో చోటుంది. చవక అని చిన్నచూపు చూడక్కర్లేదు. స్కూలుకు అది పెట్టుకెళ్లి చీకట్లో లైటు వేసి చూపించిన తరం ఒకటుందిగా!

హద్దు గీసుకుంటేనే...

కనిపించినదల్లా కొంటే సేకరణ కాదు, సామాను అవుతుంది. జేబూ ఖాళీ అవుతుంది. అందుకే ముందుగా ఒక గీత గీసుకోవాలి. ఆ గీత ఎలాగైనా ఉండొచ్చు. ‘మన దేశంలో తయారైన కీ వాచీలు మాత్రమే’, ‘నల్ల డయల్‌వి మాత్రమే’, ‘నేను పుట్టిన దశాబ్దంలోవి మాత్రమే’, ‘ఆడవాళ్ల వాచీలు మాత్రమే’. చివరిదాన్ని ఎక్కువమంది పట్టించుకోరు కాబట్టి ధరలూ తక్కువగానే ఉంటాయి.

లెక్క వేసుకుందాం. నెలకు అయిదొందలు దాస్తే ఏడాదికి ఆరువేలు. అందులో రెండో మూడో వాచీలు కొని, మిగిలింది సర్వీసింగుకీ బెల్టులకీ ఉంచుకోవాలి. ‘ఆరువేలకీ ఆరు వాచీలు’ అనుకున్నవాళ్ల పెట్టెలో ఏడాది తిరిగేసరికి ఆరు ఆగిపోయిన వాచీలుంటాయి! మరో నియమం కూడా పనికొస్తుంది. పెట్టెలో పది చోట్లే ఉంచుకోండి. పదకొండోది కావాలంటే ఒకదాన్ని ఇంకొకరికి ఇచ్చేయాలి. అప్పుడు కొనేముందు చెయ్యి తనంతట తానే ఆగుతుంది.

పెట్టుబడి అనుకుని మాత్రం ఇందులోకి దిగొద్దు. ఈ ధరల్లో దొరికే వాచీలు రేపు లక్షలు పలుకుతాయని ఎవరైనా చెబితే, వాళ్ల దగ్గర అమ్మాల్సిన వాచీ ఉందని అర్థం!

తళతళలాడుతోందా... ఆగండి!

పాత వాచీలు ఎక్కడ దొరుకుతాయి? హైదరాబాద్‌లో అయితే గురువారం నాటి జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత. ముంబైలో చోర్ బజార్. ఆపైన ఆన్‌లైన్. అన్నిటికన్నా మంచిచోటు మీ ఊళ్లోని పాత వాచీ దుకాణం. బాగుచేయించుకోవడానికి ఇచ్చి తిరిగి తీసుకెళ్లనివి అక్కడ డబ్బాల్లో పడి ఉంటాయి.

జాగ్రత్త పడాల్సింది కొత్తగా మెరిసిపోయే పాత వాచీలతోనే. కేసు గీతలు పడి, డయల్ మాత్రం నిన్న అచ్చువేసినట్టు ఉందంటే రంగు మళ్లీ వేశారన్నమాటే. ఎర్ర, పసుపు, నారింజ డయళ్లు, ఏ కాలంలోనూ తయారుకాని బొమ్మలు, ముద్రలతో వచ్చే ఇలాంటి వాటికి విదేశీ సేకర్తలు ‘ముంబై స్పెషల్’ అని పేరే పెట్టారు. ఒక వాచీ యంత్రం, ఇంకోదాని కేసు, మూడోదాని ముళ్లు కలిపి బిగించినవీ ఉంటాయి. ముచ్చటపడి పెట్టుకోవడానికైతే ఇబ్బంది లేదు. అసలు సరుకు ధర ఇచ్చి కొంటేనే నష్టం.

భూతద్దంతో డయల్ మీద అక్షరాలు చూడండి. అంచులు అలుక్కుపోయి ఉన్నా, అక్షరాల మధ్య ఎడం సమంగా లేకపోయినా, నిమిషాల గీతలు వంకరగా ఉన్నా అనుమానించాలి. వెనక మూత తీసి యంత్రం చూపించమని అడగండి. ‘తీయడం కుదరదు’ అంటే కొనడమూ కుదరదనండి. కీ నాలుగుసార్లు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, వాచీని నిలువుగా, బోర్లా, వెల్లకిలా తిప్పి వినండి. ఏ భంగిమలో ఉన్నా చప్పుడు ఒకేలా ఉండాలి.

ఇంటికి తెచ్చాక...

కీ వాచీకి రోజూ ఒకే వేళకు కీ ఇవ్వండి. బిగువు తగలగానే ఆపేయండి. చేతికి ఉండగా కాదు, తీసి ఇవ్వడం మంచిది. లేకపోతే కీ కాడ వంగుతుంది. పాత వాచీ వెనక ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసున్నా నమ్మొద్దు. అందులోని రబ్బరు వాషరు ఏనాడో ఎండిపోయి ఉంటుంది. చేతులు కడిగేటప్పుడు, వానలో, వంటింట్లో దాన్ని దూరంగా ఉంచాలి. తేదీ చూపించే వాచీలో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు మధ్య తేదీ మార్చొద్దు. ఆ సమయంలో తేదీ మార్చే పళ్లు పట్టుకుని ఉంటాయి. బలవంతం చేస్తే విరుగుతాయి. పెట్టెలో ఒక సిలికా జెల్ పొట్లం వేస్తే చెమ్మ చేరదు. నాలుగైదేళ్లకోసారి సర్వీసింగ్ తప్పనిసరి.

మెకానిక్ ఉంటేనే వాచీ

ఇక్కడే ఈ సరదాలోని అసలు సంగతి ఉంది.

పాత వాచీ కొనడం తేలిక. నడిపించడమే కష్టం. దానికి డబ్బుకన్నా ముందు మనిషి కావాలి. గాజు పలకల బల్ల వెనక, ఒక కంటికి అద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో ఎత్తే మనిషి. ఒకప్పుడు ప్రతి బస్టాండు సెంటర్లోనూ కనిపించేవాడు. సెల్‌ఫోన్ వచ్చాక అతని బల్ల ముందు రద్దీ తగ్గింది. ఇప్పుడు చాలాచోట్ల అతని చేతికొచ్చే పని సెల్లు మార్చడం, బెల్టు వేయడం. కొడుకులు ఈ పని నేర్చుకోవడం లేదు. చూపు తగ్గి ఆయన బల్ల సర్దేసిన రోజున, ఆ సందులోని ఇళ్లలో ఉన్న కీ వాచీలన్నీ ఒక్కసారే మూగబోతాయి.

చాలామంది చేసే లెక్క ఇది: ‘వాచీ వెయ్యి రూపాయలది. బాగుచేయడానికి అయిదొందలా? వద్దులే’. లెక్క ప్రకారం అది సబబే. సేకర్త వేసే లెక్క వేరు. ఆ అయిదొందలు వాచీ విలువకు కాదు, విప్పి, కడిగి, మళ్లీ బిగించే మూడు గంటల పనితనానికి. బేరమాడాల్సింది సంతలో. మెకానిక్ దగ్గర కాదు. నడవని వాచీలను కూడా ఆయనకే ఇచ్చేయండి. వాటిలోంచి తీసిన ఒక్కో చక్రం ఇంకో వాచీకి ప్రాణం పోస్తుంది. కొత్త భాగాలు కరువైనప్పుడు పాతవే దిక్కు.

వీలైతే ఒక మధ్యాహ్నం ఆయన బల్ల పక్కన కూర్చుని చూడండి. మీ పిల్లల్నీ తీసుకెళ్లండి. మూత తీసిన వాచీలో ఊగే ఆ చిన్న చక్రాన్ని ఒక్కసారి చూసిన పిల్లాడు టైమును మళ్లీ ఒట్టి అంకెల్లా చూడలేడు. ఈ పని మీద ఇష్టం పుట్టడానికి కూడా అంతకన్నా మంచి పాఠం లేదు.

లక్షల వాచీలు కొనేవాళ్లకు వాటిని చూసుకోవడానికి కంపెనీలున్నాయి. జనతాకూ ఆల్విన్‌కూ ఉన్నది మీరూ, మీ సందు చివర మెకానికూ మాత్రమే. కాబట్టి ఈ ఆదివారం కొత్త వాచీ కోసం వెతకొద్దు. బీరువా సొరుగు తెరవండి. అందులో ఆగిపోయినదాన్ని రేపే ఆయన బల్ల మీద పెట్టండి. సేకరణ అక్కడే మొదలవుతుంది!